కోట కాచినవాడు: జాక్ చార్ల్టన్ జీవితము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయమున రాజుల చరిత్రలు కలవు, కవుల చరిత్రలు కలవు, దేశభక్తుల చరిత్రలు కలవు. ఆటగాని చరిత్రకు మాత్రము ఆ అరలలో చోటు తక్కువ. ఆట యనగా పనిలేనివారి కాలక్షేపమని పెద్దలలో ఒక తలంపు కలదు. పిల్లవాడు బంతి వెంట పరుగెత్తినచో చదువు చెడునని తండ్రి కోపించును. ఆ కోపములో కొంత న్యాయము లేకపోలేదు. అయినను, మనుష్యుడు తన శక్తి యెంతయో ఎట్లు తెలిసికొనెను, తన లోపమును ఎట్లు దాటెను, తన విద్యను పరులకు ఎట్లు పంచెను అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పు చరిత్ర యేదైనను చదువదగినదే. ఇంగ్లండు దేశపు ఫుట్‌బాలు ఆటగాడై, పిమ్మట ఐర్లండు దేశపు జట్టుకు గురువైన జాక్ చార్ల్టన్ చరిత్ర అట్టిది.

రామాయణమున కిష్కింధాకాండము చివర ఒక ఘట్టము కలదు. సముద్రపుటొడ్డున వానరవీరులందరు కూర్చుండి, ఎవడెంత దూరము దూకగలడో చెప్పుకొనుచుందురు. జాంబవంతుడు ముసలివాడు, ఒకనాటి బలము తనకు ఇప్పుడు లేదని తానే ఒప్పుకొనును. కాని దూకగలవాడు ఒకమూల ఊరక కూర్చుండియున్నాడని ఆ ముసలికే తెలియును. హనుమంతునికి అతని బలమును గుర్తుచేసినవాడు జాంబవంతుడే. తాను చేయలేనిదానిని చేయగలవానిచే చేయించుటయే గురుత్వము. ఆటలలో ఈ పని చేయువానిని కోచ్ అందురు. శిక్షకుడని మన మాట. హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం అట్టి శిక్షకుడు. ఆయన చేతిక్రింద భారతదేశపు ఫుట్‌బాలు జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. రహీం స్వదేశమునకు చేసిన సేవను జాక్ చార్ల్టన్ పరదేశమునకు చేసెను. అదియు, తన దేశముతో తరతరముల వైరము గల దేశమునకు చేసెను.

ఫుట్‌బాలు ఆటలో జట్టుకు 11 మంది. బంతిని ఎదుటివారి గోలులో వేయు ముందువరుసవారి పేర్లు పత్రికలలో పెద్ద అక్షరములతో అచ్చగును. వెనుకవరుసవారి పని వేరు. వారు తమ గోలును కాయవలయును. వచ్చు బంతిని కాలితోనో తలతోనో దూరముగా కొట్టవలయును. వచ్చు మనిషిని అడ్డగింపవలయును. పంట ఇల్లు చేరిననాడు కోసినవానిని పొగడుదురు గాని, రాత్రులు మంచెపై కూర్చుండి చేను కాచినవానిని తలచువారుండరు. కాపలావాడు నూరుమారులు కాచినను లెక్కలోనికి రాదు; ఒక్కమారు కునికినచో ఊరంతయు చెప్పుకొనును. జాక్ చార్ల్టన్ ఇరువదేండ్లు అట్టి కాపలావాడు.

అతడు 1935 మే 8వ తేదీన ఇంగ్లండు ఈశాన్య భాగమున, నార్తంబర్లండు మండలములోని ఆషింగ్టన్ అను ఊరిలో పుట్టెను. బొగ్గుగనులపై బ్రదికిన ఊరది. ప్రపంచములోకెల్ల పెద్ద గనిపల్లె యని దానికి పేరుండెను. తండ్రి బాబ్ గనికూలి. అతనికి ఫుట్‌బాలు పట్టదు. తల్లి సిస్సీ పుట్టినింటివారు మాత్రము ఆటలో పేరుపడినవారు. ఆమె అన్నదమ్ములు ఫుట్‌బాలునే జీవనోపాధిగా చేసికొనిరి. న్యూకాసిల్ జట్టులో ప్రసిద్ధుడైన జాకీ మిల్బర్న్ ఆమెకు దగ్గర బంధువు. ఆమె కొడుకులు నలుగురిలో పెద్దవాడు జాక్, అతని తరువాతివాడు 1937లో పుట్టిన బాబీ.

బాబీకి ఆట పుట్టుకతో వచ్చిన విద్య. బంతి అతని మాట వినును. ఊరివారు అతనిని చూచి మురిసిపోయిరి. జాక్ సంగతి అట్లు కాదు. పొడవైన మెడ, పొడవైన కాళ్లు; జిరాఫీ యని అతనికి మారుపేరు. ఏటిగట్టున చేపలు పట్టుకొనుచు తిరుగు పిల్లవాడు. తమ్మునికి గల చాకచక్యము తనకు లేదని అతనికి చిన్ననాడే తెలియును. ఈ ఎరుక కొందరిని అసూయాపరులను చేయును, కొందరిని సోమరులను చేయును. జాక్ విషయమున అది కాలక్రమమున వివేకమయ్యెను.

పదునైదవ యేట జాక్ గనిలోనికి దిగెను. కొలదికాలము పని చూచి, ఈ చీకటిలో బ్రదుకు గడపనని పైకి వచ్చెను. పోలీసు ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనెను. అంతలో లీడ్స్ యునైటెడ్ జట్టువారు పరీక్షగా ఒక ఆట ఆడి చూపుమని పిలిచిరి. పోలీసువారు రమ్మన్న దినమును, ఆట దినమును ఒక్కటే యయ్యెను. జాక్ ఆటకు పోయెను. ఆ జట్టున 1953లో తొలిసారి ఆడినవాడు 1973 వరకు మఱియొక జట్టు ఎరుగడు. మొత్తము 773 ఆటలు ఆడెను. ఆ జట్టులో అన్ని ఆటలు ఆడినవాడు వేరొకడు లేడు.

మొదటి సంవత్సరములలో అతనికి మంచిపేరు లేదు. నోరు దురుసు, కోపము మెండు, అభ్యాసమున శ్రద్ధ తక్కువ. 1961లో, అదివరకు తోడి ఆటగాడైన డాన్ రెవీ లీడ్స్ జట్టుకు మేనేజరయ్యెను. రెవీ ఆ జట్టునంతయు క్రమశిక్షణలో పెట్టెను; జాక్ తన తీరు మార్చుకొనవలసి వచ్చెను, మార్చుకొనెను. రెండవ శ్రేణిలో మూలుగుచుండిన లీడ్స్ 1964లో మొదటి శ్రేణికి ఎక్కెను, 1969లో దేశమున కెల్ల ప్రథమ జట్టయ్యెను, 1972లో ఎఫ్.ఏ. కప్పు గెలిచెను.

జాక్ ముప్పదవ యేట అడుగిడబోవుచుండగా, 1965లో, ఇంగ్లండు జాతీయ జట్టునుండి అతనికి పిలుపు వచ్చెను. ఆ వయస్సున అనేకులు ఆట మానుకొందురు. తన్నేల ఎంచిరో జాక్‌కు అర్థము కాలేదు. జట్టు శిక్షకుడైన ఆల్ఫ్ రామ్సేను అడిగెననియు, తాను ఎల్లప్పుడును మిక్కిలి మేటివారినే ఎంచుకొననని, తాను తలచిన అల్లికకు సరిపడువారిని ఎంచుకొందునని రామ్సే బదులు చెప్పెననియు జాక్ తరచు నవ్వుచు చెప్పుకొనుచుండెడివాడు. పైకి అది పొగడ్త కాదు. కాని జాక్ దానిని మనస్సున దాచుకొనెను. దూలమునకు దూలము, వాసమునకు వాసము, పెంకుకు పెంకు కావలయును గాని అన్నియు దూలములే యైనచో ఇల్లు నిలువదు. ఈ సూత్రమే ఇరువదేండ్ల పిమ్మట పరదేశమున అతనికి పెట్టుబడి యయ్యెను.

1966లో ప్రపంచకప్పు పోటీలు ఇంగ్లండులోనే జరిగెను. అన్నదమ్ములిద్దరు ఒకే జట్టున ఆడిరి. సెమీఫైనలున పోర్చుగల్‌పై తమ్ముడు రెండుమారులు గోలు చేసెను. అన్న బంతిని చేతితో ఆపి ఎదుటివారికి పెనాల్టీ ఇచ్చెను. అయినను ఇంగ్లండు 2-1తో గెలిచెను. కొడుకులిద్దరు ఆడుచున్న ఆ ఆటను తండ్రి చూడలేదు. గనిలో తన వంతు పని తప్పించుకొనుట తోడివారికి న్యాయము కాదని ఎంచి పనికి పోయెను. జాక్ ఎట్టి ఇంట పుట్టినవాడో ఈ ఒక్క సంగతియే చెప్పును.

జులై 30న ఫైనలు. పశ్చిమ జర్మనీపై ఇంగ్లండు 2-1తో ముందుండెను. ఆట ముగియుటకు ఒక్క నిమిషము మిగిలియుండగా, జాక్ తప్పు చేసెనని రిఫరీ ఈల ఊది జర్మనులకు ఫ్రీ కిక్కు ఇచ్చెను. అందుండి గోలు పుట్టెను. మంచెమీదివాని కునికిపాటు అట్టిది. అదనపు సమయమున ఇంగ్లండు మఱి రెండు గోలులు చేసి 4-2తో గెలిచెను. చివరి ఈల వినగానే తమ్ముడు కంటనీరు పెట్టుకొనగా, అన్న మోకాళ్లపై కూలి ముఖము చేతులతో కప్పుకొనెను. ఇంగ్లండు పురుషుల జట్టు అంతకుముందెన్నడును ప్రపంచకప్పు గెలువలేదు.

1973లో జాక్ ఆట చాలించి శిక్షకుడయ్యెను. మిడిల్స్‌బరో జట్టును చేపట్టిన మరుసటి సంవత్సరమే దానిని మొదటి శ్రేణికి తెచ్చెను. పిమ్మట మూడవ శ్రేణిలోనుండిన షెఫీల్డ్ వెన్స్‌డే జట్టును పైకి లేపెను. న్యూకాసిల్‌లో మాత్రము పొసగలేదు; ప్రేక్షకులు నిందింపగా ఒక్క సంవత్సరమునకే, 1985లో, విడిచిపెట్టెను.

వీనిమధ్య, 1977లో, ఇంగ్లండు జాతీయ జట్టుకు శిక్షకుని పదవి ఖాళీ యయ్యెను. జాక్ దరఖాస్తు వ్రాసెను. పదవి వేరొకరికి పోయెను; అది వింత కాదు. కాని అతని ఉత్తరమునకు అవునని గాని కాదని గాని జవాబు రాలేదు. దేశమునకు ప్రపంచకప్పు తెచ్చిన 11 మందిలో ఒకడు వ్రాసిన ఉత్తరమది. అర్జీ పెట్టుకొని జవాబునకై ఎదురుచూచినవారికెల్ల ఆ బాధ తెలియును. లేదను మాటయు మనుష్యునికి చేయు ఒక మర్యాదయే. ఇకమీద ఆ పదవిని అడుగనని జాక్ నిశ్చయించుకొనెను.

1986 ఫిబ్రవరిలో ఐర్లండు ఫుట్‌బాలు సంఘమువారు అతనిని తమ జాతీయ జట్టుకు శిక్షకునిగా నియమించిరి. ఇంగ్లండు, ఐర్లండు దేశములకు నడుమ ఉన్నది సన్నని సముద్రము. కాని అందలి వైరము లోతైనది. శతాబ్దములు ఐర్లండు ఇంగ్లీషువారి ఏలుబడిలో నుండెను. పోరాటము పిమ్మట 1922లో స్వతంత్ర రాజ్యమేర్పడెను. ఉత్తర భాగము మాత్రము బ్రిటను క్రిందనే నిలిచెను, అచ్చట 1960 దశాబ్దము చివరనుండి నెత్తురు ప్రవహించుచుండెను. ఫుట్‌బాలు పరాయివారి ఆట యని, గేలిక్ క్రీడాసంఘమువారు తమ సభ్యులు దానిని ఆడరాదని 1971 వరకు నిషేధము పెట్టిరి. అట్టి దేశపు జట్టుకు ఒక ఇంగ్లీషువాడు గురువగుట అదియే మొదలు. తొలి ఆటలో వేల్స్ చేతిలో 0-1తో ఓటమి. ఇంటికి పొమ్మను వ్రాతగుడ్డ యొకటి మైదానమున అతనికి స్వాగతమిచ్చెను.

అంతవరకు ఐర్లండు జట్టు ప్రపంచకప్పు తుదిపోటీలలో గాని, యూరోపు కప్పు తుదిపోటీలలో గాని అడుగుపెట్టలేదు. మంచి ఆటగాండ్రు లేకపోలేదు, అల్లిక లేదు. జాక్ రెండు పనులు చేసెను.

మొదటిది, మనుష్యులను వెదకుట. కూటికై ఐర్లండు విడిచి ఇంగ్లండుకు, స్కాట్లండుకు వలసపోయిన కుటుంబములు లెక్కలేనన్ని. తల్లిదండ్రులలోనో, తాత అవ్వలలోనో ఒకరు ఐర్లండువారైనచో ఆ దేశము తరఫున ఆడవచ్చునని నియమము కలదు. ఆ నియమమును జాక్ నిండుగా వాడుకొనెను. లివర్‌పూల్‌లో పుట్టిన జాన్ ఆల్డ్రిజ్, గ్లాస్గోలో పుట్టిన రే హౌటన్ ఆ వేల్స్ ఆటలోనే ఐర్లండు చొక్కా తొడిగిరి. వీరు ఐర్లండువారెట్లగుదురని కొందరు ఎగతాళి చేసిరి. పొట్టకై దూరదేశము పోయినవాని మనుమడు పుట్టినూరి పేరు చెప్పుకొనుట తప్పెట్లగును?

రెండవది, ఆట తీరు మార్చుట. ఆ కాలమున పెద్ద జట్లవారు బంతిని నడిమి భాగమున నెమ్మదిగా ఒకరికొకరు అందించుకొనుచు పోయెడివారు. ఆ నేర్పులో వారితో తులతూగుట తన జట్టుకు కష్టమని జాక్ గ్రహించెను. వెనుకవరుస ఆటగానికి మిక్కిలి చిరాకు కలిగించునదేది? బంతి తన తలమీదుగా పోయి వెనుక పడుట, తాను తన గోలువైపు తిరిగి పరుగెత్తుట, వెన్నంటి ఒకడు తరుముకొనివచ్చుట. జాక్ ఇరువదేండ్లు దేనికి జంకెనో దానినే ఎదుటివారికి వడ్డించెను. బంతిని పొడవుగా వారి వెనుకకు కొట్టుట, కొట్టి పదిమందియు మీదపడి ఊపిరి సలుపనీయకుండుట. కాపలావాని అనుభవమే అతని శాస్త్రము.

1988లో యూరోపు కప్పు తుదిపోటీలకు ఐర్లండు చేరెను. ఇందు అదృష్టము పాలును కలదు. బల్గేరియాపై స్కాట్లండువారు చివరి నిమిషములలో గెలిచినందుననే వీరికి దారి దొరికెను. జూన్ 12న, జర్మనీలోని స్టట్‌గార్ట్ నగరమున, మొదటి ఆటయే ఇంగ్లండుతో వచ్చెను. ఆరవ నిమిషమున రే హౌటన్ తలతో కొట్టి గోలు చేసెను. తక్కిన ఎనుబది నాలుగు నిమిషములు ఐర్లండు కోట కాచెను. 1-0. ఉత్తరమునకు జవాబు వ్రాయనివారికి పదునొకండేండ్ల పిమ్మట మైదానమున జవాబు దొరికెను.

1990లో ఇటలీలో ప్రపంచకప్పు. ఇంగ్లండుతో 1-1, ఈజిప్టుతో 0-0, నెదర్లండ్సుతో 1-1. పిమ్మట జెనోవా నగరమున రుమేనియాతో 0-0, పెనాల్టీలచే తీర్పు. గోల్‌కీపరు ప్యాకీ బోనర్ అయిదవ బంతిని ఆపెను. ఇక ఐర్లండు తరఫున చివరి బంతి కొట్టవలసినవాడు డేవిడ్ ఓలీరీ. ఇతడు 1986లో జాక్ పిలిచిన యాత్రకు రానందున రెండేండ్లకు పైగా జట్టున చోటు పోగొట్టుకొన్నవాడు. జాక్ పట్టుదలగలవాడు, అంత సులభముగా మరచువాడు కాడు. అయినను అవసరము వచ్చినప్పుడు ఓలీరీని తిరిగి పిలిచెను. ఆ ఓలీరీయే బంతిని గోలులో వేసి దేశమును క్వార్టరు ఫైనలుకు చేర్చెను. రోమునగరమున ఇటలీ చేతిలో 0-1తో ఓడిరి. తిరిగివచ్చినప్పుడు డబ్లిన్ వీథులలో లక్షలాది జనము ఎదురేగిరి. అయిదు ఆటలలో చేసినవి రెండు గోలులు. పెనాల్టీలు తప్ప గెలిచిన ఆట ఒక్కటియు లేదు. అయినను ప్రపంచమున తొలి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచిరి. కాపలావాని లెక్క అట్లే యుండును.

దోషములు చెప్పకుండుట చరిత్ర కాదు. జాక్ ఆట తీరు మోటని, అందము లేనిదని ఐర్లండులోనే విమర్శకులు వ్రాసిరి. లియామ్ బ్రేడీ ఐర్లండు కన్న గొప్ప కళాకారులలో ఒకడు. బంతిని నెమ్మదిగా పోషించువాడు. 1989లో పశ్చిమ జర్మనీతో జరిగిన స్నేహపు ఆటలో, సగము ముగియకముందే జాక్ అతనిని వెలికి పిలిచెను. అంతటితో బ్రేడీ జాతీయ జట్టునుండి విరమించెను. అల్లికకు సరిపడనివానిని తీసివేయుట శిక్షకుని హక్కే. కాని పెద్ద ఆటగానిని వేలమంది ఎదుట అట్లు పిలుచుట మన్నన కాదు. జవాబు రాని ఉత్తరపు బాధ నెరిగినవాడు ఇది ఎరుగకుండుట విచారకరము.

మఱి దయయు అతనియందే కలదు. జట్టులోకెల్ల మేటి పాల్ మెక్‌గ్రాత్, అనాథాశ్రమములలో పెరిగినవాడు, మద్యవ్యసనముతో పోరాడుచుండినవాడు. ఒకటిరెండుమారులు ఆటవేళకు కనబడకయే పోయెను. జాక్ అతనిని పత్రికలవారికి అప్పగింపలేదు, వెలివేయలేదు, తండ్రివలె కాచుకొనెను. 1994లో అమెరికాలో జరిగిన ప్రపంచకప్పున, న్యూయార్కు సమీపమున ఇటలీని ఐర్లండు 1-0తో ఓడించిననాడు, ఆ మెక్‌గ్రాతే కోటగోడయై నిలిచెను.

1995 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో ఐర్లండు, ఇంగ్లండు జట్లు ఆడుచుండగా, ఇంగ్లండునుండి వచ్చిన అల్లరిమూక బల్లలు విరిచి క్రిందివారిపై విసరెను. 27 నిమిషములకే ఆట నిలిచిపోయెను. ఆనాడు ఇంగ్లీషువాడైన జాక్ తనవారి పనికి సిగ్గుపడవలసి వచ్చెను. ఐర్లండు ప్రజలు మాత్రము ఆ మూకను, ఇతనిని వేరుగా చూచిరి. తొమ్మిదేండ్ల క్రిందట ఇంటికి పొమ్మన్నవారికి ఇతడు ఇంటివాడై యుండెను. ఇతడు అంగడిలో చెక్కు వ్రాసి ఇచ్చినచో దానిని బ్యాంకునకు పంపక చట్రము కట్టించి గోడకు తగిలించుకొనెడివారని కథలుగా చెప్పుకొందురు. 1995 డిసెంబరులో నెదర్లండ్సు చేతిలో ఓడి, తరువాతి పోటీలకు దారి మూసికొనిపోగా జాక్ పదవి విడిచెను. మరుసటి సంవత్సరము ఐర్లండు ప్రభుత్వము అతనికి గౌరవ పౌరసత్వమిచ్చెను.

పిమ్మట అతడు మరల జట్టు చేపట్టలేదు. చేపలు పట్టుకొనుచు కాలము గడపెను. తన ఆటగాండ్ర పేర్లనే తప్పు పలుకుటకు ఇతడు మొదటినుండి పేరుమోసినవాడు, వారు నవ్వుకొనెడివారు. కాని ముదిమియందు వచ్చిన మరపు నవ్వదగినది కాదు, అది వ్యాధి. 2020 జులై 10న, ఎనుబది యైదవ యేట, జాక్ మరణించెను. అదే విధమైన మరపునకు లోనైన తమ్ముడు బాబీ 2023 అక్టోబరులో గతించెను. 1966 జట్టులో ఈ వ్యాధి పాలైనవారు మఱికొందరు కలరు. పూర్వము వృత్తిగా ఆడినవారిని స్కాట్లండులో పరిశీలించిన గ్లాస్గో వైద్యులు, మెదడు క్షీణించు వ్యాధులతో మరణించుట వారియందు ఇతరులకంటె సుమారు మూడున్నర రెట్లు అధికమని 2019లో ప్రకటించిరి. వెనుకవరుసవారియందు ఈ ముప్పు అందరికంటె ఎక్కువని 2021లో తేల్చిరి. తలతో బంతిని మాటిమాటికి కొట్టుటయే కారణము కావచ్చునని అనుమానము. 2020 నుండి ఆ దేశములలో చిన్నపిల్లలకు అభ్యాసమున తలతో కొట్టుట మాన్పించిరి. మన ఊరి మైదానమున ఆడు పిల్లల పెద్దలు ఈ సంగతి గమనింపవలయును. కోట కాచినవాని జమ ఎంతయో చెప్పినప్పుడు, అతడు చెల్లించిన ఖర్చును కూడ వ్రాయనిదే లెక్క సరిపోదు.

జాక్ మరణించిన సంవత్సరముననే అతని చరిత్రపై ఒక చలనచిత్రము వెలువడెను. అందు కడపటి దినములలో అతడు ఇంట కూర్చుండి తన పాత ఆటల దృశ్యములు చూచుచుండును. ఐర్లండున గడపిన దినములు, పొందిన గౌరవములు చాలవరకు అతని మనస్సునుండి తొలగిపోయినవి. కాని తెరపై పాల్ మెక్‌గ్రాత్ కనబడగానే అతడు గుర్తుపట్టును.

కప్పులు మరపునకు వచ్చెను, పదవులు మరపునకు వచ్చెను. తాను చేరదీసిన శిష్యుడు మాత్రము మరపునకు రాలేదు. తమ్మునివంటి నేర్పు తనకు లేదని ఎరిగినవాడు, అట్టి నేర్పుగలవారికి తోడునీడయై తాను తరించెను. స్వదేశము జవాబియ్యనినాడు, పగవారనబడినవారికి విద్య నేర్పి బంధువయ్యెను. ఈ గ్రామమున హనుమంతులు ఎందరో ఊరక కూర్చుండియుందురు. వారిని గుర్తించు జాంబవంతులు బడిలోను, మైదానమునను, ఈ గ్రంథాలయమునను ఉండవలయును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న పని అదియే.